గీత అవతలి పొలం

ఆ శుక్రవారం పొద్దున బ్యాంకు ఖాళీగా ఉండేసరికి హారికకు ప్రాణం హాయిగా అనిపించింది. కౌంటరు ముందు కేకల్లేవు. పాసుబుక్కు మిషను దగ్గర తోపులాట లేదు. మేనేజరు జగదీశ్ సెలవు పెట్టాడు, అటెండరు సంగప్ప కూడా సెలవే. ఇద్దరివీ న్యాల్‌కల్ వైపు ఊళ్లు. ఇద్దరికీ ఒకే రోజు ఏం పని పడిందో అడగాలని ఆమెకు తోచనే లేదు. హాయిగా ఉన్నప్పుడు కారణాలెవరు వెతుకుతారు?

హారిక ఆ శాఖలో ఫీల్డ్ ఆఫీసరు. తండ్రి ప్రసాదరావు తెనాలి నుంచి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడ్డాడు. ఆమె పెరిగింది ఈ ఊళ్లోనే అంటారు గానీ, నిజం చెప్పాలంటే పెరిగింది ఫ్యాక్టరీ వాళ్ల కాలనీలో. ఆ గేటు లోపల గుంటూరు గోంగూర, గుంటూరు మాట, గుంటూరు పండుగలు. గేటు బయట అల్లం ఎప్పుడు తవ్వుతారో, ఎవరు ఏ అమావాస్యకు ఎక్కడికి పోతారో ఆ ఇళ్లల్లో ఎవరికీ పట్టలేదు. పట్టకపోయినా ఇన్నేళ్లూ ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఆ ఏడు బ్యాంకు ఒక కొత్త పథకం తెచ్చింది. అప్పు మీద ఇచ్చే ప్రతి ట్రాక్టరుకీ సీటు కింద అరచేయంత నల్ల డబ్బా ఒకటి బిగిస్తారు. అందులో సిమ్ కార్డు ఉంటుంది. బండి ఎక్కడుంది, ఇంజను నడుస్తోందా, దున్నుతోందా, ఊరికే నిలబడిందా, అన్నీ ఆ డబ్బా బ్యాంకుకు చెబుతూ ఉంటుంది. బాగా పని చేసే బండికి వడ్డీ తగ్గిస్తారు, రైతు కాగితాలు పట్టుకుని తిరగక్కర్లేదు. చెడ్డ పథకమని అనలేం. కాకపోతే ఆ డబ్బాకు ఇంకో గుణం ఉంది. బ్యాంకు కావాలనుకుంటే ట్రాక్టరును కదలకుండా చేయగలదు. నడుస్తున్న ఇంజను జోలికి పోదు, ప్రమాదం కదా. ఒకసారి ఆగిన ఇంజనును మాత్రం మళ్లీ లేవనివ్వదు.

చెన్నబసప్ప ట్రాక్టరుకు డబ్బా బిగించిన రోజున హారిక స్వయంగా వాళ్ల ఊరికి వెళ్లింది. తెల్ల ధోవతి, నుదుట విభూతి, మెడలో లింగం ఉన్న ముసలాయన. మెకానిక్కు పని చేస్తున్నంతసేపూ పక్కనే గొంతుకూర్చుని చూశాడు. అంతా అయ్యాక డబ్బాకు కూడా ఒక కుంకుమ బొట్టు పెట్టి, ఆమెను అడిగాడు.

"బిడ్డా, మా ఊరు గిటు, మా పొలం సగం గటు. వాగు దాటితె కర్ణాటక. గీ డబ్బకు గది ఎర్కేనా?"

"దానికి అన్నీ తెలుసు పెద్దాయనా, మీరేం కంగారుపడకండి" అంది హారిక. ఆ మాట అన్నప్పుడు నవ్వింది కూడా.

ఆ వారమే, సోమవారం నాడు పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. ఎక్కడో అప్పు ట్రాక్టర్లను పక్క రాష్ట్రానికి తోలుకుపోయి, విడిభాగాలుగా అమ్ముకున్నారట. సాయంత్రంలోగా ప్రతి శాఖా తన బండ్లు తిరగాల్సిన హద్దును మ్యాపు మీద గీయాలి. చేత్తో గీయాలంటే ఎవరి పొలం ఎక్కడుందో ఊరూరా అడగాలి. మ్యాపులో రాష్ట్ర సరిహద్దు గీత తయారుగా ఉంది. హారిక దాన్నే ఎంచుకుంది. ఒక్క నొక్కుతో పనైపోయింది. తొందరగా పూర్తి చేసిన శాఖల్లో మీది మొదటిదని పై ఆఫీసు మెచ్చుకుంది కూడా.

శుక్రవారం పదకొండు దాటాక కంప్యూటరు తెర మీద ఎర్రగా వెలిగింది. నాలుగు ట్రాక్టర్లు గీత దాటాయి. నాలుగూ చెన్నబసప్పవి, అతని అన్నదమ్ములవి. వాగు అవతల ఒకేచోట వరుసగా నిలబడ్డాయి. ఇంజన్లు ఆపేసి ఉన్నాయి. దున్నడం లేదు, తోలడం లేదు. పట్టపగలు, పని రోజున, నాలుగు బండ్లు పక్క రాష్ట్రంలో ఊరికే నిలబడి ఉన్నాయి.

హారిక సోమవారం నాటి ఉత్తరువు మళ్లీ తెరిచి చూసింది. ఉత్తరువులో రాసిన దొంగతనమూ సరిగ్గా ఇలాగే జరిగింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తను ఇప్పించిన మొదటి అప్పులివి, ఆ నాలుగు బండ్ల కాగితాల మీదా ఉన్నది తన సంతకమే. చెన్నబసప్పకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. కొడుకు సంతోష్‌కు చేసింది. అదీ అంతే. జగదీశ్ ఫోన్ అందుబాటులో లేదంది. ఇంతలో పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో పేరు చెప్పని గొంతు, తీరిగ్గా మాట్లాడింది.

"మీ తెర మీద నాలుగు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఇంకా ఏం చూస్తున్నారు?"

"రైతులతో మాట్లాడి..."

"బండి ముక్కలయ్యాక మాట్లాడతారా?"

తెర మీద ప్రశ్న సిద్ధంగా ఉంది: నాలుగింటినీ ఒకేసారి ఆపమంటారా? హారిక అవును అని నొక్కింది. నొక్కాక కాస్త ధైర్యం వచ్చింది. లోపలి గదిలో క్యాషియరు విజయలక్ష్మి టీ పోసుకుంటోంది. హారిక వెళ్లి తనూ ఒక గ్లాసు తెచ్చుకుంది.

ఆ టీ సగం తాగేలోపే సంతోష్ నుంచి ఫోన్ వచ్చింది. ముందు మాట వినపడలేదు. వెనక ఆడవాళ్ల ఏడుపు, పిల్లల అరుపులు, ఎవరో గోనె పట్టతో దబదబా కొడుతున్న చప్పుడు.

"మేడం! మా నాయినను తేనీగలు కుట్టినయ్! మొఖమంత ఉబ్బింది. ఊపిరి ఆడుతలేదు. బండి చాలు ఐతలేదు మేడం! నాలుగు బండ్లల్ల ఒక్కటి కూడ చాలు ఐతలేదు!"

హారిక లేచి నిలబడింది. గ్లాసు ఎక్కడ పెట్టిందో తనకే తెలియదు.

"మీరెక్కడున్నారు? అక్కడ ఏం చేస్తున్నారు?"

"పొలంల ఉన్నం. ఎల్లమాస కద మేడం ఇయ్యాల!"

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న సంగతే ఆమెను ఇంకా భయపెట్టింది. సంతోష్ ఆగి ఆగి చెప్పుకొచ్చాడు. పాలు పొంగించడానికి చింతచెట్టు కింద పిడకలు రాజేశారు. పొగ పైకి పోయి తేనెపట్టుకు తగిలింది. అందరూ పరిగెత్తారు, పరిగెత్తలేనిది ముసలాయన ఒక్కడే. తలమీద తువ్వాలు కూడా లేదు. తీసుకువచ్చి ట్రాలీలో పడుకోబెట్టారు. 108కి చేస్తే బండి దూరంగా ఉందన్నారు. రాత్రి అకాల వర్షం పడింది, నల్లరేగడి మోకాలి లోతు దిగుతోంది. రోడ్డు మీద వదిలొచ్చిన మోటార్ సైకిళ్లు ఇక్కడికి రావు. మంచం మీద మోసుకుపోదామంటే ఈగలు ఇంకా వెంటపడుతున్నాయి, ఇద్దరు మోయబోయి పడ్డారు. ఆ బురదలో నడిచేది ట్రాక్టరు ఒక్కటే. రోడ్డెక్కితే బీదర్ దవాఖాన దగ్గర.

"మామా, కండ్లు తెరువు మామా" అని ఒక ఆడగొంతు వెనక బతిమాలుతోంది. సంతోష్ భార్య రోజా అయి ఉండాలి.

"మీ డబ్బల ఎర్ర లైటు ఎలుగుతున్నది మేడం. ఏమైంది దానికి?"

"సర్వర్... సర్వర్‌లో ఏదో సమస్యండీ" అంది హారిక. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "ఒక్క నిమిషం. ఒక్క నిమిషంలో సరి చేస్తాను."

ఫోన్ పెట్టేసి తెర ముందు కూర్చుంది. విడుదల అని నొక్కింది. మేనేజరు తన ఫోన్లోంచి వేలిముద్ర వేయాలని తెర అడిగింది. బండిని ఆపడానికి ఆమె ఒక్కతె చాలింది. వదలడానికి మాత్రం ఇద్దరు కావాలట. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, వాళ్లింట్లో ఎవరూ ఎప్పుడూ ఊపిరాడక గిలగిల్లాడి ఉండరు. పై ఆఫీసుకు చేస్తే పాట వినిపించింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమంటూ ఒక ఆడగొంతు మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది.

హారికకు భయం వేసింది. పొద్దున వేసినది ఉద్యోగం భయం. ఇది అది కాదు. ఒక మనిషి చచ్చిపోతున్నాడు, నేను ఆపాను కాబట్టి చచ్చిపోతున్నాడు. ఇంతకు మించి వేరే ఆలోచన ఏదీ రావడం లేదు.

"అక్కా, జగదీశ్ సార్‌కి చేస్తూనే ఉండండి" అని అరిచింది. విజయలక్ష్మి ఏమైందని అడగకుండా రెండు ఫోన్లతో మార్చి మార్చి చేసింది. హారిక మొహం చూశాక ఎవరూ అడగరు.

సంతోష్ మళ్లీ చేశాడు. ఈసారి గొంతు చిన్నదైపోయింది.

"మేడం, పెదిమెలు నీలంగ ఐతున్నయ్. నిజం చెప్పున్రి. మీరు ఆపిన్రా?"

హారిక విడుదల అని మళ్లీ నొక్కింది. అటువైపు అతనికి అర్థమైపోయినట్టుంది.

"మా తాన ఏమన్న తప్పైతె మాఫ్ చెయ్యున్రి మేడం. కిస్తు ఆగలే, ఏమాగలే. మీరు బండి గుంజుకపోతనంటె రేపు నేనె తెచ్చిస్త. ఇయ్యాల్టికి ఇడువున్రి."

"అయ్యో, అలా కాదండీ, మీ తప్పేం లేదు, అసలు నేనే..." అంటుండగా విజయలక్ష్మి తన ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టింది. జగదీశ్ దొరికాడు.

హారిక గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఇయ్యాల ఎల్లమాస పండుగ అమ్మా!" అన్నాడు జగదీశ్. కోపం కంటే ఏడుపు ఎక్కువున్న గొంతు. "గీ దిక్కు ఊర్లన్ని పొలాలల్లనె ఉంటయ్. చుట్టాలు, పిల్లలు, బండ్లు, అంత. చేన్ల అంబలి చల్లి, కలగూర భజ్జి తిని పొద్దుగూకినంక ఇంటికొస్తరు. ఇయ్యాల భూమిల నాగలి పెట్టరు. పొలం చేరినంక బండి చాలు చెయ్యరు. ఎందుకు నిలబడ్డయని నన్ను అడగొద్దా?"

"మీ ఫోన్ కలవలేదు సార్."

"నేను కూడ పొలంలనె ఉన్న కదా."

అతని పొలంలో మాట వినిపించేంత సిగ్నలే ఉంది, వేలిముద్ర పోయేంత లేదు. గట్టెక్కి రోడ్డు దాకా పరిగెత్తాలి. ఫోన్ పెట్టేయొద్దని హారిక బతిమాలింది. అతని రొప్పు వింటూ కూర్చుంది. ముళ్లు తగిలిన చప్పుడు, కాలు జారి "అబ్బా" అన్న చప్పుడు, మళ్లీ రొప్పు. తర్వాత తిట్టు. చేతికి అంటిన భజ్జి వల్ల వేలిముద్ర పట్టడం లేదట. పంచెకు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. దేవుడా, దేవుడా అని హారిక పైకే అనేసింది. ఆ నల్ల డబ్బాకు ముసలాయన పెట్టిన బొట్టు ఒక్కసారి కళ్లముందు కదిలింది. దానికి అన్నీ తెలుసు అని తనే కదా చెప్పింది. దానికి తెలిసింది ఒక గీత మాత్రమే, ఆ గీత కూడా తను గీసిందే.

తెర మారింది. నాలుగు బండ్లూ విడుదలయ్యాయి. హారిక తన ఫోన్ అందుకుంది, సంతోష్ ఇంకా లైన్లోనే ఉన్నాడు.

"సంతోష్ గారూ, స్టార్ట్ చేయండి! ఇప్పుడు చేయండి!"

ఫోన్లో ఇంజను లేచిన చప్పుడు విని ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ తెర అప్పుడే కొత్త ప్రశ్న అడిగింది. బండి హద్దుకు ఇంకా దూరం పోతోంది, ఆపమంటారా? కింద గడియారం తిరుగుతోంది. జవాబు రాకపోతే అవునన్నట్టే లెక్క. హారిక వద్దు అని నొక్కింది. కాసేపటికి అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. మళ్లీ వద్దు.

"సంతోష్ గారూ, ఒక్క మాట వినండి. ఏం జరిగినా ఇంజను ఆపకండి. దవాఖాన గేటు ముందు కూడా ఆపకండి. ఒకసారి ఆగితే మళ్లీ లేస్తుందో లేదో నాకు తెలియదు."

"బంద్ చెయ్య మేడం. సచ్చినా బంద్ చెయ్య" అన్నాడు సంతోష్. తర్వాత ఫోన్ రోజా చేతికిచ్చినట్టున్నాడు, కాసేపటికి అదీ తెగిపోయింది.

ఇక మిగిలింది తెర మీద మ్యాపులో ఆ ట్రాక్టరు చుక్క ఒక్కటే. మొదట అది కదిలినట్టే లేదు. బురదలో చక్రాలు తిరుగుతూ ఉండాలి. విజయలక్ష్మి బీదర్‌లో తనకు తెలిసినవాళ్ల ద్వారా దవాఖాన నంబరు పట్టి, తేనెటీగలు కుట్టిన పెద్దాయన్ని తెస్తున్నారు, ట్రాలీలో వస్తున్నారు, సిద్ధంగా ఉండండని చెబుతోంది. చుక్క ఇంతింతగా జరిగి, చివరికి తారు రోడ్డు గీత మీదికి ఎక్కింది. హారిక బల్ల మీద చేత్తో కొట్టింది. పో నాయనా, పో, త్వరగా పో. చుక్క ఇప్పుడు చకచకా కదులుతోంది. ఆపమంటారా? వద్దు. ఒక ఊరు దాటింది. ఆపమంటారా? వద్దు. కుర్చీలోంచి లేవడానికి ఆమెకు భయం. కన్ను ఆర్పడానికి భయం. ఈ నెట్టు ఇప్పుడు పోతే? కరెంటు పోతే? ఎవరో పాసుబుక్కు పట్టుకుని కౌంటరు దగ్గరకొస్తే, తర్వాత రండని ఆమె అరిచిన అరుపుకు ఆ మనిషి బెదిరి వెళ్లిపోయాడు.

బీదర్ ఇళ్లు మ్యాపు అంచున కనిపించడం మొదలైంది. హారిక మొదటిసారి ఊపిరి వదిలింది. ఇంకెంతో లేదు. చేరగానే సూది వేస్తారు, వాపు తీస్తుంది, రేపు వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుని అంతా చెప్పేస్తాను అనుకుంది. అబద్ధం చెప్పానని కూడా చెప్పేస్తాను. తిట్టనీ. ఉద్యోగం పోతే పోనీ.

చుక్క ఆగింది.

ఆమె ఏమీ నొక్కలేదు. పక్క గడిలో చూసింది. ఇంజను నడుస్తోందనే ఉంది. మరెందుకు ఆగింది? లారీలు అడ్డొచ్చాయేమో. రైలు గేటు పడిందేమో. సంతోష్‌కు చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. విజయలక్ష్మి వచ్చి వెనక నిలబడింది, ఆమె చేయి హారిక భుజం మీద పడింది. ఇద్దరూ ఆ చుక్కనే చూస్తున్నారు. ఆపమంటారా అని తెర అడిగింది. వద్దు అని నొక్కింది. చుక్క కదల్లేదు. ఇంజను నడుస్తూనే ఉంది.

"నెట్టు నెమ్మదిగా ఉందేమోలే" అంది విజయలక్ష్మి. ఆ మాట ఇద్దరూ నమ్మలేదు.

చాలాసేపటికి చుక్క కదిలింది. హారిక ముందుకు వంగింది. బీదర్ వైపు కాదు. వచ్చిన రోడ్డునే, వచ్చినవైపే, మెల్లగా వెనక్కి పోతోంది. ఇందాక బురదలో కూడా అంత మెల్లగా పోలేదు. విజయలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హారికకు తెలిసిపోయింది. అయినా తెలియనట్టే కూర్చుంది, ఫోన్ మోగకూడదని కోరుకుంటూ.

ఫోన్ మోగింది.

"మేడం" అన్నాడు సంతోష్. వెనక ఇంజను చప్పుడు ఒక్కటే ఉంది, ఏడుపు లేదు. "ఇంటికి పోతున్నం మేడం. ఇగ అటు పోయే పని లేదు."

"సంతోష్ గారూ..."

"ఇంజను బంద్ చెయ్యలే. మీరు చెప్పినట్టె ఉంచిన." అతను తిట్టలేదు. తిడతాడేమోనని కాచుకుని ఉన్న హారికకు అతని గొంతులో వినిపించింది భయం. తనంటే భయం. "నాయిన ట్రాలీలనె ఉన్నడు. ఇంటి ముందర దించినంక మీరు ఏమన్న చేసుకోన్రి. నడుమల రోడ్డు మీద మాత్రం ఆపకున్రి మేడం. మీ కాళ్లు మొక్కుత."

ఆపనండీ అనబోయింది. అటువైపు అతను జవాబు కోసం ఎదురుచూస్తూ నడుపుతున్నాడు. చుక్క ఇంకా గీత అవతలే ఉంది. వాగు చాలా దూరం. ఆపమంటారా అని తెర మళ్లీ అడిగింది. హారిక వద్దు అని నొక్కి, తర్వాతి ప్రశ్న కోసం వేలు అక్కడే ఉంచింది.